మామ పట్టిన మైల

మాదాపూర్, హైదరాబాదు
2 ఏప్రిల్ 1999

కడుపులోని బిడ్డలందరి తరఫు వకీలు, ప్రొద్దుటూరు మండలాఫీసు సీనియర్ అసిస్టెంటు, మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు అయిన లింగమూర్తి మామకు,

సౌజన్య నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం. బాగాలేనివాళ్ళు కూడా బాగున్నామనే రాయమన్నారు.

నువ్వు పంపిన చిన్న పుస్తకం అందింది. సత్సంగంలో నువ్వు చెప్పిన ఉపన్యాసాన్ని అచ్చు కూడా వేయించారన్నమాట. 'గర్భంలో పడిన మొదటి క్షణం నుంచీ అది సంపూర్ణ మనిషి. దాన్ని తొలగించడం నిలువెత్తు మనిషిని చంపడమే.' ఈ వాక్యానికి ముందు వరస వాళ్ళు చప్పట్లు కొట్టారని రాశావు. ఆ ముందు వరసలో కడుపుతో ఉన్న ఆడమనిషి ఒక్కతైనా ఉందా, అందరూ పంచెలేనా?

నా పని సంగతి మళ్ళీ చెప్పాలి. నేను డాక్టరుకి అసిస్టెంటునని నువ్వు ఊళ్ళో చెబుతున్నావట. కాదు. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక మాట్లాడినదంతా రికార్డవుతుంది. అది ఇక్కడ నా చెవుల్లో పడుతుంది. కాలి కింద పెడల్ నొక్కితే కదులుతుంది, వదిలితే ఆగుతుంది. విన్నది విన్నట్టు టైపు కొడతాను. ఇంటర్‌తో ఆపేసిన దాన్ని, మిగతాదంతా డిక్షనరీ నేర్పింది.

మొన్న ఒకే డాక్టరువి రెండు రికార్డులు వచ్చాయి. మొదటిదానిలో ఐదో నెల: 'బేబీ గుండె చక్కగా కొట్టుకుంటోంది.' రెండోదానిలోనూ ఐదో నెలే: 'గర్భ పదార్థాన్ని పూర్తిగా తొలగించాం.' ఆయన గొంతేమీ మారలేదు. ఒకావిడ కావాలనుకుంది, ఒకావిడ వద్దనుకుంది. అంతే తేడా. నీ పుస్తకం ప్రకారం ఆ డాక్టరు పొద్దున దేవుడు, మధ్యాహ్నం హంతకుడు. సాయంత్రం టీ తాగుతూ ఎవరయ్యాడో రాయి.

ఎగతాళి పక్కన పెట్టి అడుగుతున్నాను. మొదటి క్షణం నుంచీ అనేది నిజంగా నమ్ముతావా? నష్టం వచ్చినా నమ్ముతావా? త్వరగా జవాబు రాయి. ఇక్కడ ఒకరికి అవసరం. ఇంటికి రాయొద్దు, పైన ఉన్న ఆఫీసు అడ్రసుకి రాయి. అమ్మ కంటపడకూడదు.

అత్తయ్యకు ముద్దులు. నీకు ప్రశ్నలు.

సౌజన్య


ప్రొద్దుటూరు
8 ఏప్రిల్ 1999

చి. సౌజన్యను ఆశీర్వదించి మేనమామ రాసేది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. 'ఒకరికి అవసరం' అన్నావు. 'అమ్మ కంటపడకూడదు' అన్నావు. నేను పాతికేళ్ళుగా ఆఫీసులో అర్జీలు చదువుతున్నవాణ్ణి. 'మా ఊళ్ళో ఒక పేదవాడు' అని మొదలుపెట్టినవాడు ఎప్పుడూ తనగురించే రాస్తాడు.

తల్లీ, నిన్ను కోప్పడను. ఆ ఊరు అలాంటిది. రాత్రీ పగలూ తేడా లేని ఉద్యోగాలు, మగా ఆడా తేడా లేని క్యాంటీన్లు. జరిగింది జరిగింది. వాడెవడో నాకు చెప్పొద్దు.

నా పుస్తకంలో ఆ వాక్యం ఉంది నిజమే. కానీ ధర్మశాస్త్రంలో ఆపద్ధర్మం అని ఒకటుంది. పుస్తకంలో చోటు చాలక అది వేయలేదు. పెళ్ళికాని పిల్ల విషయంలో మొదటి క్షణం, రెండో క్షణం అని కూర్చుంటే ఇల్లు నిలబడదు. కర్నూల్లో నాకు తెలిసిన లేడీ డాక్టరు ఉంది. నోరు విప్పని మనిషి. సెలవు పెట్టి నేరుగా అక్కడికి రా, నేను బస్టాండులో ఉంటాను. మీ అమ్మకు పచ్చకామెర్లని చెబుదాం.

తర్వాత సోమేశ్వరరావు గారి రెండో అబ్బాయి సంబంధం ఉంది. కాస్త నత్తి. అంతకుమించి లోపం లేదు.

ఈ ఉత్తరం చదివి చింపెయ్.

నీ మేలు కోరే
లింగమూర్తి

అమ్మీ, మీ మామ కాగితం మీద వంగి ఏందో రాస్తాంటే అడిగినా, చెప్పలా. ఒళ్ళు బాగుందా? అన్నం తింటాండావా? – కిష్టమ్మ అత్త


మాదాపూర్
13 ఏప్రిల్ 1999

ఆపద్ధర్మ ప్రచురణల అధిపతి మామకు,

నా కడుపులో ఉన్నది ఆఫీసు క్యాంటీన్ ఉప్మా. అది మాత్రం మొదటి క్షణం నుంచీ సంపూర్ణంగా రాయే. కర్నూలు డాక్టరు అవసరం లేదు. నత్తి అబ్బాయికి నా ఆశీస్సులు, తప్పించుకున్నందుకు.

అయితే నీకు చాలా రుణపడ్డాను మామా. 'నష్టం వచ్చినా నమ్ముతావా' అని అడిగాను. వారం తిరక్కుండా జవాబిచ్చావు. సత్సంగంలో వాళ్ళ కడుపులైతే హత్య, మనింట్లో కడుపైతే పచ్చకామెర్లు.

కడుపుతో ఉన్నది ఉమ వదిన. మూడో నెల దాటుతోంది. నీకు తెలియంది ఇంకోటి. మా అన్న శివశంకర్, నీ అక్క రత్నమ్మ కలిసి స్కానింగు చేయించాలని నిర్ణయించారు. పండు పుట్టినప్పుడే అమ్మ మొహం ముడుచుకుంది కదా, ఇప్పుడు ఆ పిల్లకు మూడేళ్ళు, ఆ మొహం ఇంకా విప్పుకోలేదు. ఆడపిల్లని తేలితే తీయించేస్తారట. అన్న కంప్యూటర్ల ముందు కూర్చుని రెండువేల సంవత్సరం వస్తే లోకం ఆగిపోకుండా తేదీలు సరిచేస్తుంటాడు. ఇంట్లో మాత్రం వెయ్యేళ్ళ వెనక ఉన్నాడు. నేను అడ్డం పడితే ఏమన్నాడో తెలుసా? "ఇప్పుడేముంది మే దాంట్లో? నెత్తురు ముద్ద. నువ్వు టైపు కొట్టుకో పో."

కాబట్టి నీ పుస్తకం తీసుకుని బస్సెక్కు. మొదటి క్షణం, సంపూర్ణ మనిషి, నిలువెత్తు హత్య, అన్నీ నీ అక్క ముందు నిలబడి చదువు. నేను నీ సిద్ధాంతం ఒప్పుకోను. అయినా ఈ ఒక్కసారికి అద్దెకు తీసుకుంటాను.

ఎదురుచూస్తూ
ఉప్మాతో ఉన్న సౌజన్య


ప్రొద్దుటూరు
19 ఏప్రిల్ 1999

చి. సౌజన్యకు,

నువ్వు క్షేమమని తెలిసి కొండంత బరువు దిగింది. ఆ ఆనందంలో నీ వెటకారం క్షమించాను.

ఇక శివుడి ఇంటి సంగతి. మార్చి లెక్కలు ఇంకా తేలలేదు, సెలవు దొరకదు. పైగా అక్క నాకంటే పెద్దది. మొగుడూ పెళ్ళాల మధ్య విషయంలో మేనమామ దూరడం మర్యాద కాదు. శివుడు కూడా ఆలోచించకుండా ఏదీ చేసే మనిషి కాదు.

నన్ను పిరికివాడంటావు, అను. కానీ నీ లోపల ఉన్న చిక్కు కూడా చూసుకో. కడుపులోది మనిషి కాదని నీ వాదం. మనిషి కానప్పుడు ఆడదని తీసేస్తే తప్పేంటి? గోరు కత్తిరించేటప్పుడు ఏ వేలి గోరని అడుగుతామా? తప్పు అంటున్నావంటే, లోపల ఒకరున్నారని నువ్వూ నమ్ముతున్నావు. నోటితో కాదంటూ కోపంతో అవునంటున్నావు. దీనికి జవాబు రాయి. రాయలేకపోతే నా పుస్తకం ఇంకోసారి చదువు.

ఉమకు పుల్లటివి తినాలనిపిస్తే చెప్పమను. మీ అత్తయ్య చింతకాయ తొక్కు పంపుతుంది.

ఆశీస్సులతో
లింగమూర్తి


మాదాపూర్
26 ఏప్రిల్ 1999

మర్యాదస్తుడైన మామకు,

మంచి ప్రశ్న వేశావు. నాలుగు రోజులు పెడల్ నొక్కుతూ అదే ఆలోచించాను. నా రిపోర్టుల్లో తప్పులు పడి సూపర్‌వైజర్ చేత తిట్లు కూడా తిన్నాను. ఇదిగో జవాబు.

ఒక హోటలు వాడు 'ఫలానా కులంవాళ్ళకు ఇక్కడ భోజనం లేదు' అని బోర్డు పెట్టాడనుకో. లోపల సాంబారు బాగుంటుందా లేదా అని ఎవరైనా అడుగుతారా? బోర్డే తప్పు. ఆడపిల్లయితే తీయించేస్తాం అనేది అలాంటి బోర్డు. ఆ మాట కడుపులో ఉన్నదానికి వినిపించదు. అన్నం వారుస్తున్న వదినకు వినిపిస్తుంది. గుమ్మంలో తారుమారు చెప్పులేసుకుని నడుస్తున్న పండుకు వినిపిస్తుంది. జీతం తెచ్చి అమ్మ చేతిలో పెడుతున్న నాకు వినిపిస్తుంది. మేం మనుషులమని ఎవరూ రుజువు చేయనక్కర్లేదనుకుంటాను. లేక దానికి కూడా నీ దగ్గర ఇంకో పుస్తకముందా?

ఇక అసలు వార్త. శనివారం స్కానింగుకు పోయాం. నన్ను రావద్దన్నారు, వెళ్ళాను. ఆ నర్సింగ్ హోమ్ గోడ మీద 'ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు, అది నేరం' అని ఎర్రక్షరాల బోర్డు. దాని పక్కనే రెండు పటాలు, వినాయకుడిదీ లక్ష్మీదేవిదీ. డాక్టరు నోటితో ఏమీ చెప్పడు, చట్టాన్ని గౌరవించే మనిషి. స్కాను అయ్యాక, పోయేటప్పుడు ఏ దేవుడికి దండం పెట్టుకోవాలో చెబుతాడు. వినాయకుడంటే మగ, లక్ష్మి అంటే ఆడ. వెయిటింగు హాల్లో అందరికీ తెలుసు.

నేను ఆ బోర్డు చూపించి అరిచాను. "ఇది నేరమని మీరే రాసుకున్నారు కదా!" అమ్మ నా చెయ్యి గిల్లింది, ఇంకా నల్లగా ఉంది. అన్న నన్ను ఎరగనట్టు కిటికీలోంచి బయటికి చూశాడు. వదిన తలెత్తలేదు, నేను తనకోసమే పోరాడుతున్నానని నాకు గర్వంగా ఉండింది.

డాక్టరు నవ్వి, "విఘ్నాలన్నీ పోతాయమ్మా, వినాయకుడికి దండం పెట్టుకెళ్ళండి" అన్నాడు.

నీ అక్క ఆ పటం ముందు నేల మీద పడి మొక్కింది. ఆటోలో అన్న కళ్ళు తుడుచుకున్నాడు. పొద్దున దాకా నెత్తురు ముద్ద, సాయంత్రానికి 'మావాడు'. సైన్సు ఇంత వేగంగా పనిచేయడం నేనెక్కడా టైపు చేయలేదు.

నీ సిద్ధాంతం బతికిపోయింది మామా. సెలవు కూడా ఖర్చు కాలేదు.

గిల్లుడు తిన్న
సౌజన్య


ప్రొద్దుటూరు
1 మే 1999

చి. సౌజన్యకు శుభాశీస్సులు.

అక్క ఎస్టీడీ చేసింది. నీ ఉత్తరం అందేలోపే ఊరంతా మిఠాయిలు పంచాను. చూశావా, భగవంతుడు నీ గొడవనూ నా మొహమాటాన్నీ ఒకేసారి తీర్చాడు. ధర్మం గెలిచింది. ఒక నిండు మనిషి, మొదటి క్షణం నుంచీ మనిషైనవాడు, మన వంశంలోకి నడిచి వస్తున్నాడు.

సీమంతానికి మేమిద్దరం వస్తాం. ఈసారి సెలవు దొరుకుతుంది. పేరు గురించి ఇప్పటినుంచే ఆలోచించమను. మా నాన్నగారి పేరు కలిసేలా ఉంటే బాగుంటుంది.

ఉమను మెట్లెక్కనివ్వొద్దు. నీ హోటలు ఉపమానం బాగుంది గానీ సాంబారు గురించి అడగకపోవడమే నీ తప్పు.

లింగమూర్తి

సౌజీ, అందరూ పిల్లోడి గురించే చెప్తాండారు. ఉమ ఎట్లుందో ఒక్కరూ రాయలా. నువ్వైనా రాయి. – కిష్టమ్మ


కొత్తగూడ
6 మే 1999

మిఠాయిలు పంచిన మామకు,

ఈ ఉత్తరం ఇంటి నుంచే రాస్తున్నాను. ఇంక దాచాల్సిందేమీ మిగల్లేదు.

అత్తయ్య అడిగిందని, నిన్న మేడ మీద బట్టలు ఆరేస్తుంటే వదినను అడిగాను. నెల రోజులుగా నీకూ నాకూ మధ్య ఇన్ని ఠావులు నడిచాయి, ఆ ముక్క అడగాలని మనిద్దరికీ తోచలేదు. రాయదుర్గం వైపు బండలు పేలుస్తున్నారు. శబ్దం ఆగేదాకా ఉండి వదిన చెప్పింది:

"నాకు ఇది వద్దు సౌజన్యా."

"ఇంక భయం లేదు కదా వదినా, మగపిల్లవాడే కదా" అన్నాను. అవును, నేనే అన్నాను. ఇన్ని వాదించిన నోరు ఇది.

"ఆడపిల్లయినా ఇదే చెప్పేదాన్ని. నెలరోజుల నుంచి అందరూ నా కడుపు మీద మీటింగులు పెడుతున్నారు. అత్తయ్యగారు, మీ అన్నయ్య, ఉత్తరాల్లో మీ మావయ్యగారు. నువ్వయితే ఆ ఆస్పత్రిలో నా తరఫున ఎంత అరిచావో. ఆ మీటింగుకి నన్నొక్కదాన్నే ఎవరూ పిలవలేదు."

"ఎందుకు వద్దు?"

"ఎందుకు కావాలని మీ అన్నయ్యని అడిగావా? నన్నే ఎందుకు అడుగుతావ్?"

తర్వాత తనే చెప్పింది. పండు పుట్టాక ఏడాదిపాటు అద్దంలో ఎవరున్నారో తనకు తెలిసేది కాదట. పిల్లను ఎత్తుకుంటే కింద పడేస్తానేమోనని గోడకు ఆనుకుని కూర్చునేదట. మేమంతా బాలింత నీరసమని మిరియాల చారు పోశాం. ఇప్పుడిప్పుడే నేల మీద నిలబడింది. అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సు చదివింది, జులైలో ఇక్కడ కొత్తగా కట్టిన గుండ్రటి పెద్ద కంప్యూటర్ల బిల్డింగులో ఉద్యోగంలో చేరాలి. మళ్ళీ ఆ ఏడాదిలోకి పోలేనంది. ఏడవలేదు. క్లిప్పులు పెట్టుకుంటూ చెప్పింది.

రాత్రి అన్నకు చెప్పింది. అన్న గిన్నె విసిరాడు. "మనిషిని చంపుతావా? మగపిల్లోణ్ణి?" ఈ రెండు ముక్కలూ ఒకే ఊపిరిలో. అమ్మ నీ పుస్తకం తెచ్చి దేవుడి గూట్లో పెట్టింది. ఇన్నాళ్ళూ దాన్ని పోపుడబ్బా కింద పెట్టుకునేది.

నేను వదిన వైపు. ఇప్పుడు నువ్వు చెప్పబోయేది నాకు కంఠతా వచ్చు కాబట్టి ముందే అడుగుతాను. మొదటి క్షణం నుంచీ సంపూర్ణ మనిషైతే ఆర్టీసీ కండక్టరు కడుపుతో ఉన్నావిడకు ఒకటిన్నర టికెట్ ఎందుకు కొట్టడు? జనాభా లెక్కలవాడొచ్చి ఎంతమంది అంటే వదిన ఆరుగురని ఎందుకు చెప్పదు? నీ శాస్త్రమే పళ్ళు రాని బిడ్డను దహనం చేయొద్దంటుంది, పాతిపెట్టమంటుంది. పేరు పెట్టనిదానికి తిథి లేదంటుంది.

ఇంకోటి. నేను ఏడాది పిల్లగా ఉన్నప్పుడు అత్తయ్యకు ఆరో నెలలో కడుపు పోయింది. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. సంపూర్ణ మనిషి కదా మామా. నువ్వు ఎన్నిరోజులు మైల పట్టావు? ఏ తిథిన అన్నం పెట్టావు?

సౌజన్య


ప్రొద్దుటూరు
11 మే 1999

సౌజన్యకు,

ఆ విషయం నువ్వు ఎత్తకూడదు. పెద్దవాళ్ళు ఎలా చెబితే అలా చేశాం. మరిచిపొమ్మన్నారు, మరిచిపోయాం. నీ ఉత్తరం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మీ అత్తయ్య చేతిలో ఉంది.

టికెట్లు, జనాభా లెక్కలు తీసుకొచ్చి నవ్వించావు. నేనూ ఒకటి అడుగుతాను, నవ్వకుండా చెప్పు. పుట్టిన బిడ్డ మనిషని నువ్వూ ఒప్పుకుంటావు. పుట్టడానికి ముందురోజు? దానికి ముందురోజు? అలా వెనక్కి పోతూ ఎక్కడో నువ్వొక గీత గీయాలి. ఎక్కడ గీసినా దానికి అవతల నిన్నటిరోజు ఉంటుంది. నేను మొదటి క్షణం దగ్గర గీశాను. తప్పు చేస్తే బతుకు వైపే చేద్దామని. నేను మాట మార్చాను, అక్క దగ్గర నోరు మూసుకున్నాను, నిజమే. నేను పిరికివాణ్ణయినంత మాత్రాన నా మాట అబద్ధం కాదు.

ఉమకు కష్టమైతే బిడ్డను మేం పెంచుకుంటాం. ఇది వెటకారానికి రాయలేదు.

ఈ పొద్దున మీ అత్తయ్య సంచి సర్దుకుని హైదరాబాదు బస్సెక్కింది. నాతో మాట్లాడలేదు. పెద్దది, ఉమకు నచ్చచెప్పి ఆపగలిగేది తనే. ఆమె వచ్చేదాకా ఏ తొందరా పడొద్దు.

లింగమూర్తి


మాదాపూర్
17 మే 1999

మామకు,

నీ గీత ప్రశ్నకు ముందు జవాబు. తెల్లారేది ఫలానా నిమిషమని నేను చెప్పలేను. చెప్పలేనని నడిరాత్రిని పట్టుకుని పగలంటావా? అలాగని నీ ప్రశ్న పిచ్చిదని అనను. ఆ డాక్టరు రికార్డులు వినేటప్పుడు అది నా వీపు మీద కూడా పాకుతుంది.

అత్తయ్య క్షేమంగా చేరింది. నువ్వనుకున్నట్టు ఆపడానికి రాలేదు. వచ్చీరాగానే వంటింట్లోకి పోయి వదిన పక్కన కూర్చుని బీరకాయలు చెక్కు తీసింది. నీ మాట చెప్పింది, బిడ్డను మేం పెంచుకుంటామని. వదిన "కనాల్సింది నేనే కదండీ పిన్నీ" అంది. అత్తయ్య సరే అంది. అంతే. మనం ఉత్తరాల్లో నెలన్నర కొట్టుకున్నది వాళ్ళు రెండు బీరకాయల్లో తేల్చేశారు.

గురువారం ఆస్పత్రికి పోయాం. నాలుగో నెల కాబట్టి చట్టం ప్రకారం ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నారు. కౌంటర్లో ఆవిడ మాత్రం మొగుడి సంతకం లేనిదే కాగితం కదలదంది. పెళ్ళయిన ఆడదానికి తన సంతకం చాలని చట్టంలో ఉంది. ఇంటర్నెట్‌లో తీసిన కాగితాలు ఆమె ముందు పరిచి ఉపన్యాసం ఇచ్చాను, నీ మేనకోడలిని కదా.

"చట్టం గిట్టం నాకు తెల్వదమ్మా. రేపు ఆమె మొగుడొచ్చి లొల్లి జేస్తే నువ్వొస్తవా? జర సమజ్ చేస్కో. ఇంటి పెద్ద ఎవరన్న ఉన్నరా?"

అత్తయ్య కొంగు దోపుకుని ముందుకొచ్చింది. "నేనుండా. యాడ పెట్టల్ల సంతకం?"

పెట్టింది. కిష్టమ్మ, ప్రొద్దుటూరు. నా చట్టం కాగితాలు మడిచి విసనకర్రలా విసురుకుంది.

వదిన లోపలున్నంతసేపూ మేం వరండాలో బల్ల మీద కూర్చున్నాం. నాకు ఆగలేదు. "నీకు బాధగా లేదా అత్తా?" అన్నాను.

"బాధ లేకుండా ఎట్లుంటాది మే. నాది నాకు ఆ పొద్దే బిడ్డ. మీ మామ పుస్తకం రాయకముందే బిడ్డ. ఉమకు ఇది బిడ్డ కాలా. రెండూ ఒకే గజంతో కొల్చేదానికి ఇదేమన్నా గుడ్డనా?"

ఈ మాటలో ఎక్కడో తర్కం తప్పు ఉంది మామా. రెండు రోజుల నుంచి వెతుకుతున్నాను. దొరికితే రాస్తాను.

వదిన బాగుంది. కాస్త నీరసం. ఇంటికొచ్చాక ఒకసారి ఏడ్చింది. మనసు మారిందా అని అడిగితే, "ఏడిస్తే మారినట్టేనా? పండు పుట్టినప్పుడూ ఏడ్చాను" అంది. అన్న ఆఫీసులోనే పడుకుంటున్నాడు, లోకాన్ని రెండువేల సంవత్సరం నుంచి కాపాడుతూ. అమ్మ నాతో మాట్లాడడం లేదు. గిల్లుళ్ళు తగ్గాయి.

సౌజన్య


ప్రొద్దుటూరు
24 మే 1999

చి. సౌజన్యకు,

ఆమె ఆపడానికి వెళ్ళిందనుకున్నాను. ఇరవై అయిదేళ్ళు కలిసి బతికి అంతమాత్రం కూడా సరిగ్గా అనుకోలేకపోయాను.

నీ ఉత్తరం అందిన రోజు నుంచి మైల పట్టాను. దీపం పెట్టలేదు. గుడికి పోలేదు. ఒంటిపూట చేయి కాల్చుకుని తిన్నాను. సత్సంగానికి ఒంట్లో బాగాలేదని కబురు పంపాను. ఉమ మీద కోపంతో కాదు, ఆ మాట ఆమెకు చెప్పు. అచ్చువేసిన మాటకు రాసినవాడొక్కడైనా కట్టుబడాలి కదా. కర్నూలుకు రమ్మన్నప్పుడు కట్టుబడలేదు. అక్క దగ్గరా కట్టుబడలేదు. ఇప్పుడైనా పడదామనిపించింది.

నవ్వుకుంటావు. నవ్వుకో.

మీ అత్తయ్య ఎప్పుడు బయల్దేరుతుంది? అడిగానని చెప్పొద్దు.

లింగమూర్తి


మాదాపూర్
30 మే 1999

మామా,

నవ్వలేదు. నవ్వడానికి తయారై కూర్చుని చదివాను, కుదరలేదు.

అయితే ఒక తప్పు చేశావు. మీ గోత్రం వేరు, మా గోత్రం వేరు. మా ఇంట్లో ఏం పోయినా శాస్త్రం ప్రకారం నీకు మైల లేదు. ఇంత పుస్తకం రాసినవాడివి ఈ చిన్న ముక్క ఎట్లా మరిచిపోయావు? లేదా మరిచిపోలేదా? నీ గోత్రంలో ఒకటి పోయింది, ఇరవై రెండేళ్ళయింది. అప్పుడు పట్టాల్సిన మైల ఇప్పుడు పట్టి, అడ్రసు మాత్రం మాది రాశావు.

ఆ వరండాలో అత్తయ్య 'బిడ్డ' అంది. ఆడో మగో చెప్పలేదు. నేను అడగలేదు. అన్నీ అడిగే దాన్ని, అదొక్కటి నేను అడగాల్సింది కాదనిపించింది.

అత్తయ్య బుధవారం బస్సుకు వస్తోంది. నువ్వు అడగలేదని చెప్పాను. "అడిగుంటాడులే" అంది.

సౌజన్య


ప్రొద్దుటూరు
9 జూన్ 1999

సౌజన్యకు,

కార్డు రాస్తున్నాను, ఎవరైనా చదవనీ.

అడిగాను. ఆడపిల్ల. ఆ రోజు నేను వాకిట్లో మగవాళ్ళతో నిలబడి ఉన్నాను. లోపలికి పోవాలనీ, అడగాలనీ తోచలేదు.

పేరు కూడా పెట్టుకుందట. ఏం పేరన్నాను. "ఇరవై రెండేండ్లకు అడిగినావు. ఇంగ కొన్నాళ్ళు ఆగు" అనింది.

ఆగుతాను. రేపటి నుంచి మైల పడుతున్నాం, ఇద్దరం. ఈసారి గోత్రం మాదే.

లింగమూర్తి